దెబ్బలు సరే, పాట కట్టినవాణ్ణి చూపిస్తారా?

(నవలలు, సినిమాలు, మనం అనే అంశం మీద యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ పెట్టిన తమ్ముళ్లు మాకిచ్చిన ప్రశ్న ఒక్కటే. జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' నవల సినిమాగా వస్తే బాగుంటుందా, బాగుండదా? ఎవరో తీస్తున్నారని కాదు. తీయటానికి ఎవరైనా వస్తే మనం ఏమనాలి అన్నది ముందే మాట్లాడుకుందామని. మంచి పని చేశారు. మన దగ్గర ఎప్పుడూ సినిమా హాల్లోకి వచ్చేశాక ధర్నా చేస్తాం. బస్సు పోయాక చెయ్యెత్తినట్టు.

సూటిగా చెప్పేస్తాం. సినిమా రావాలనే మా కోరిక. వస్తే దాన్నేం చేస్తారోనని మా భయం. కోరిక ఎందుకో చెప్పక్కర్లేదు. పుస్తకం వెయ్యిమంది చదివితే సినిమా కోటిమంది చూస్తారు. అక్షరం రానివాళ్లూ చూస్తారు. భయం ఎందుకో చెప్పటానికే ఇక్కడ నిలబడ్డాం.

ఆ పుస్తకం మనకేమవుతుంది?

ఆ నవల 2000లో వచ్చింది. అప్పటికి కారంచేడు (1985) అయింది, చుండూరు (1991) అయింది. మన గురించి రాసిన కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, కోర్టు కాగితాలు కట్టలు కట్టలు పేరుకున్నాయి. వాటిల్లో మనం ఎట్లా వున్నాం? చనిపోయినవాళ్ల పేర్లుగా వున్నాం. గాయపడ్డవాళ్ల లెక్కగా వున్నాం. సాక్షి నంబరు ఫలానాగా వున్నాం. అవన్నీ రాయాల్సినవే, కాదనం. కానీ చంపకముందు మనం ఎట్లా బతికామో, సాయంకాలం పని నుంచి వచ్చి ఏం పాడుకున్నామో, దేనికి నవ్వుకున్నామో చెప్పే కాగితం మాత్రం చాలా తక్కువ. ఆ లోటు తీర్చింది కాబట్టే ఆ నవలని గుండెకి హత్తుకున్నాం.

చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు. రూతు అనే ముసలామె గుర్తు చేసుకుంటూ వుంటుంది. ఆమె భర్త రూబేను. అతని తండ్రి శివయ్య. శివయ్య తండ్రి ఎల్లన్న. ఎల్లన్న పాట కడతాడు, వీధుల్లో ఆట ఆడతాడు. అతని భార్య సుభద్ర. కరువొచ్చినప్పుడు శివయ్య, శశిరేఖ పొట్ట చేత పట్టుకుని బకింగ్‌హాం కాలవ పనికి పోతారు. అక్కడా అంటరానివాళ్లని కొట్టి తరుముతారు. మట్టి తవ్వటానికి కూడా కులం అడ్డం. 1876-78 మధ్య మద్రాసు రాష్ట్రాన్ని పీనుగుల దిబ్బ చేసిన ధాత కరువు, ఆ కరువు పనుల కింద నడిచిన కాలవ తవ్వకం, ఇవి చరిత్రలో వున్నవే. చరిత్ర పుస్తకంలో తవ్వినవాళ్ల లెక్క వుంటుంది. తవ్వనివ్వకుండా తరిమేసినవాళ్ల కథ నవలలో వుంది. ఆ తర్వాత శివయ్య సీమోను అవుతాడు. కథ క్రైస్తవంలోకి, భూమి తగాదాల్లోకి, ఉద్యమాల్లోకి తరం తరంగా నడుస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిమి మేమే. మా అమ్మకి చదువు రాదు. సెలవులకి వెళ్లినప్పుడు రాత్రిపూట ఆ పుస్తకం చదివి వినిపించేవాళ్లం. కాలవ దగ్గర కొట్టిన ఘట్టం చదివితే అమ్మ ఏమీ అనలేదు. ఆమెకి అందులో కొత్తేముంది? ఎల్లన్న పాట కట్టే చోటికి వచ్చినప్పుడు మాత్రం చదవటం ఆపమంది. "మీ ముత్తాత గూడా ఆడేవాడంట. ఆడేసం కట్టేవాడంట. పక్కూళ్ల నించి వొచ్చి పిలుచుకుపోయేవాళ్లంట" అంది. అప్పటికి మాకు పాతికేళ్లు. బి.ఇడి. కూడా అయిపోయింది. ఆ పాతికేళ్లలో ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. తిన్న దెబ్బలు చెప్పారు. చేసిన పాలేరుతనం చెప్పారు. ఆడిన ఆట చెప్పలేదు. అది చెప్పుకోదగ్గ సంగతి అని వాళ్లకి ఎవరన్నా చెబితే కదా!

ఆ నవల చేసిన మేలు ఇదీ. మనం దెబ్బలు తిన్న జాతి మాత్రమే కాదు, పాట కట్టిన జాతి, ఆట నేర్పిన జాతి అని మన ముసలాళ్ల నోటితోనే మనకి చెప్పించింది. సినిమా అయితే సరిగ్గా ఈ సంగతే జారిపోతుందని మా భయం. దెబ్బలు తీసుకుపోతారు. పాట కట్టినవాణ్ణి వూళ్లోనే వదిలేసి పోతారు.

దెబ్బ అమ్ముడుపోతుంది

ఎందుకంటే తెర మీద దెబ్బ అమ్ముడుపోతుంది. కర్ర లేస్తుంది, వెనకాల వాద్యాలు మోగుతాయి, నెత్తురు నెమ్మదిగా జారుతుంది. హాల్లో కూర్చున్న పెద్దమనుషులు కూడా కళ్లు తుడుచుకుంటారు. బయటికొచ్చి "పాపం, ఆ రోజుల్లో ఎంత ఘోరంగా వుండేదండీ" అంటారు. ఆ రోజుల్లో! ఇంటికెళ్లి పనిమనిషికి వేరే గ్లాసులో టీ పోస్తారు. జాలి ఖర్చు లేని సరుకు. మనకి కావలసింది జాలి కాదు గదా. గౌరవం. గౌరవం రావాలంటే మన బుర్ర కనపడాలి, మన చేతిపని కనపడాలి, మన మాటలోని ఎకసెక్కెం కనపడాలి. దానికి తెర మీద చోటు దొరకటం కష్టం.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1938లో 'మాలపిల్ల' సినిమా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం గారి దర్శకత్వం, చలం గారి కథ, తాపీ ధర్మారావు గారి మాటలు. కాంచనమాల మాలపిల్ల వేషం వేసింది. ఆ రోజుల్లో ఆ పేరుతో సినిమా తీయటమే సాహసం. ఆ గౌరవం వాళ్లకి ఇవ్వాల్సిందే. కానీ కథ చూడండి. బ్రాహ్మణ యువకుడు మాలపిల్లని ప్రేమిస్తాడు. పూజారి గారి భార్య మంటల్లో చిక్కుకుంటే మన కుర్రాడు ప్రాణాలకి తెగించి కాపాడతాడు. అప్పుడు పూజారి గారి మనసు మారుతుంది. అంటే ఏమిటి? మనం మనుషులమని రుజువు చేసుకోవటానికి మంటల్లో దూకాలి. పరీక్ష మనకి, మార్కులు వేసేది వాళ్లు. బడిపంతుళ్లం కాబట్టి ఆ పద్ధతి మాకు బాగానే అర్థమవుతుంది.

అంతకు పదహారేళ్ల ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నవల వచ్చింది. పేర్లు దగ్గరగా వున్నాయి గానీ ఆ నవలకీ ఈ సినిమాకీ సంబంధం లేదు. ఉన్నవ వారూ మనవాడు కాదు. ఐనా ఆయన రామదాసు ఎట్లాంటివాడు? తత్వం తెలిసినవాడు, మాట తూచి మాట్లాడేవాడు. కొడుకు సంగదాసుని పోగొట్టుకుని కూడా నిలబడ్డవాడు. తెల్లదొరల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. మాలవాడి నోట వేదాంతం, కూలివాడి నోట హక్కు వినపడటం వాళ్లకి గిట్టలేదు. నవలలో మాలవాడు ఆలోచించాడు. తర్వాత వచ్చిన సినిమాలో మాలవాడు మంటల్లో దూకాడు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

వేషం ఎవరు వెయ్యాలనే దగ్గర కూడా కులం వుంది. మలయాళంలో మొదటి సినిమా 'విగత కుమారన్' 1930 ప్రాంతంలో వచ్చింది. అందులో నాయరు స్త్రీ వేషం వేసింది పి.కె. రోసీ అనే దళిత అమ్మాయి. దళిత పిల్ల నాయరు స్త్రీగా తెర మీద కనపడిందని తెర మీదికి రాళ్లు రువ్వారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె కేరళ వదిలి పారిపోవాల్సి వచ్చింది. మొదటి మలయాళ కథానాయిక మళ్లీ తెర మీద కనపడలేదు. మన వేషం ఎవరైనా వెయ్యొచ్చు. వాళ్ల వేషం మనం వేస్తే కొంపలు అంటుకుంటాయి.

ఒక్కడే హీరో అయితే రూతు ఏమవుతుంది?

రెండో భయం. సినిమాకి ఒక హీరో కావాలి. 'అంటరాని వసంతం'లో హీరో ఎవరు? ఎల్లన్నా? శివయ్యా? రూబేనా? ఎవరూ కాదు, అందరూ. ఒకరు ఆపిన చోట ఇంకొకరు ఎత్తుకుంటారు. అందరినీ ఒక తాటి మీద కట్టింది రూతు జ్ఞాపకం. ఒక ఆడమనిషి తలకాయలో తరాల చరిత్ర వుందని చెప్పటమే ఆ నవలలో పెద్ద తిరుగుబాటు. మనకి శాసనాలు లేవు, తాళపత్రాలు లేవు, కైఫీయతులు లేవు. మన నాయనమ్మల నోళ్లే మన గ్రంథాలయాలు.

పెద్ద నటుణ్ణి పెట్టుకున్న నిర్మాత ఏం చేస్తాడు? తరాలు కోసేస్తాడు. ఒక తరాన్ని ఉంచుతాడు. దానికి ఫైట్లు, పగ, ఒక ప్రేమ పాట తగిలిస్తాడు. రూతుని మొదట్లో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం ముడతలుపడ్డ మొహంగా చూపిస్తాడు. మేం గాలిలో మాట్లాడటం లేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' నవల చదివే వుంటారు. గొర్రెల కాపరులు కరువులో మందల్ని తోలుకుని నల్లమలకి పోయే కథ. ఆ నవలలో అడవీ, గొర్రెలూ, కాపరుల విద్యా కథానాయకులు. 2021లో అది సినిమా అయ్యేటప్పటికి నవలలో లేని కథానాయికని తెచ్చి చేర్చారు. ప్రేమ లేకపోతే టిక్కెట్టు తెగదన్న లెక్క. కాపరి కథకే అట్లా అయితే, మన కథలో ఎవర్ని చేరుస్తారో, ఎవర్ని తీసేస్తారో ఆలోచించండి. మంచి మనసున్న దొరబిడ్డ ఒకతె వచ్చి మన కుర్రాణ్ణి ఉద్ధరిస్తుందేమో!

పేరు తీసేస్తే

మూడో భయం పేరు. సినిమాలో మన కులం పేరు పలకరు. "పేదవాళ్లు", "కింది కులం", "వూరి చివర వాళ్లు" అంటారు. పేదరికం అంటే ఎవరికీ కోపం రాదు. కులం పేరు చెబితే కొట్టినవాడి కులం పేరూ చెప్పాల్సి వస్తుంది. అక్కడ నోరు పడిపోతుంది. 2016లో నాగరాజ్ మంజులే మరాఠీలో 'సైరాట్' తీశాడు. ఆయన దళితుడు, సొంత నేలని తీశాడు. కులమే ఆ కథకి ఎముక. రెండేళ్లకి హిందీలో దాన్నే 'ధడక్' చేశారు. ఉదయపూర్ భవనాలు, పూలరంగు బట్టలు వచ్చాయి. కులం ఎముక మెత్తబడి పోయింది. చివరి చావు మాత్రం వుంచారు. ఎందుకు చంపారో సరిగ్గా చెప్పకుండా చావు చూపిస్తే అది విషాదాంత ప్రేమకథ అవుతుంది. కుల హత్య అవదు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ వుంది. తమిళంలో పూమణి గారు 1982లో 'వెక్కై' అనే నవల రాశారు. అన్నని చంపిన భూస్వామిని పదిహేనేళ్ల కుర్రాడు చంపి, తండ్రితో కలిసి అడవులూ గుట్టలూ పట్టి తిరిగే కథ. చిన్న నవల. తండ్రీ కొడుకులు ఎక్కడ నీళ్లున్నాయో వెతుక్కోవటం, ఏదో ఒకటి వండుకోవటం, మాట్లాడుకోవటం, అదే కథ. పూమణి కులం పేరు ఎక్కడా చెప్పరు. చెప్పకుండానే ఆ నేల, ఆ మాట అన్నీ చెప్పేస్తాయి. దాన్ని 2019లో వెట్రిమారన్ 'అసురన్'గా తీశాడు. న్యాయంగా మాట్లాడాలంటే ఆ సినిమా కొంత కలిపింది కూడా. నవలలో లేని పంచమి భూముల సంగతి తెచ్చింది. 1892లో మద్రాసు ప్రభుత్వం అంటరానివాళ్ల కోసం కేటాయించిన భూములవి. ఎట్లా పరుల చేతుల్లోకి పోయాయో కోట్లమందికి గుర్తు చేసింది. 1968లో కీళ్వెణ్మణిలో 44 మందిని గుడిసెలో కాల్చి చంపిన ఘోరాన్ని తలపించే ఘట్టం పెట్టింది. జాతీయ బహుమతులు వచ్చాయి. అదే చేత్తో నవలలోని ఆ నెమ్మదిని, తండ్రీ కొడుకుల మధ్య గుసగుసని, పెద్ద నటుడి కత్తి కింద పెట్టింది. లాభం వుంది, నష్టం వుంది.

2021లో అది 'నారప్ప'గా తెలుగులోకి వచ్చింది. కథ అనంతపురం నేల మీదికి మారింది. మరి మన నేల మీదికి వచ్చినప్పుడు మన భూమి చరిత్ర రావాలి కదా. డి.ఫారం పట్టాలు రావాలి. 1977లో అసైన్డు భూముల చట్టం వచ్చాక కూడా ఆ భూములు ఎన్ని చేతులు మారాయో రావాలి. మన వాడల పేర్లు రావాలి. తమిళ సినిమాని దాదాపు సీనుకి సీను దించుకుంటే అవెట్లా వస్తాయి? ఇంకో సంగతి. 'నారప్ప' చూసిన మా బడి టీచర్లని అడిగాం, దీనికి మూలం ఏమిటని. తమిళ సినిమా అని అందరూ చెప్పారు. వెనకాల ఒక పుస్తకం వుందని, కరిసల్ నల్లరేగడిలో పుట్టిన పూమణి అనే రచయిత వున్నాడని ఒక్కరికీ తెలీదు. దెబ్బలు మూడు మజిలీలు దాటి క్షేమంగా మన దాకా చేరాయి. రాసినవాడు దారిలోనే దిగిపోయాడు.

మరి మంచి సినిమాలు లేవా?

వున్నాయి. లేవంటే అబద్ధం అవుతుంది. శివరామ కారంత్ గారి కన్నడ నవల 'చోమన దుడి' 1933లో వచ్చింది. సొంతంగా సేద్యం చేసుకోవాలని ఆశపడ్డ హొలెయ చోముడి కథ. 1975లో బి.వి. కారంత్ సినిమా తీశారు. చోముడి వేషం వాసుదేవరావు వేశాడు. దేశంలో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు రెండూ దానికే ఇచ్చారు. రాసినాయనా తీసినాయనా మనవాళ్లు కారు. ఐనా చోముడి డప్పుని తీసెయ్యలేదు. ఆ మనిషి కోపం, దుఃఖం, ఆశ అన్నీ ఆ దరువులోనే వున్నాయని తెలుసుకుని తీశారు. మనకి కావలసింది ఇదీ.

మన దగ్గర 'మా భూమి' వుంది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దానికి మూలం. 1979లో గౌతమ్ ఘోష్ తీశారు, బి. నర్సింగరావు గారు వెనక నిలబడ్డారు. ఆ సినిమాలో నవల మారింది. మారి నేలకి దగ్గరయింది. తెలంగాణ పల్లె మాట వచ్చింది, పాట వచ్చింది. సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాటని గద్దరన్న తెర మీద నిలబడి పాడాడు. ఇవాళ్టికీ జనం నాలుక మీద వుంది ఆ పాట. కాబట్టి మార్చటమే నేరం అని మేం అనటం లేదు. ఎటువైపు మారుస్తారు? మన గుమ్మంలోకా, నిర్మాత గారి గుమ్మంలోకా?

మనవాళ్లు తీసినవీ వున్నాయి. మంజులే 2013లో తీసిన 'ఫాండ్రీ'లో చివరికి ఆ పిల్లాడు విసిరిన రాయి నేరుగా చూసేవాళ్ల మొహం మీదికే వస్తుంది. జాలిపడదామని కూర్చున్నవాడికి జవాబు అది. మారి సెల్వరాజ్ 2018లో 'పరియేరుం పెరుమాళ్' తీశాడు. తెలుగులో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' (2020)లో పాటా ఆటా వున్న ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు కనపడ్డారు. దారి వుంది. దారి మీద నడిచేవాళ్లు మన దగ్గర ఇంకా తక్కువ.

"పుస్తకాలు ఎవరు చదువుతున్నారు టీచర్, సినిమా వస్తేనే కదా తెలిసేది" అంటారు మా పిల్లలు. నిజమే. మా అమ్మలాంటి వాళ్లు ఎల్లన్నని కళ్లతో చూడాలని మాకు మాత్రం లేదా? అయితే ఒకటి ఆలోచించండి. సినిమా ఒక్కసారి వచ్చిందంటే ఎల్లన్న మొహం ఆ నటుడి మొహం అయిపోతుంది. ఇప్పుడు ఎల్లన్న మొహం ఎవరి ముత్తాత మొహం వాళ్లకి. అంత విలువైనది ఇచ్చేటప్పుడు బదులుగా ఏం తీసుకుంటున్నామో లెక్క చూసుకోవద్దా?

చట్టం ఏమంటోంది?

ఆవేశం ఒక్కటే చాలదు, కాగితం తెలియాలి. బాబాసాహెబ్ మనకి నేర్పింది అదే కదా. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నవలని సినిమా తీసే హక్కు రచయితదే. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎన్నేళ్లకి ఇస్తున్నారో రాయకపోతే అయిదేళ్లు అని చట్టం లెక్క. తీసుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, అది రద్దయిపోతుంది. మన రచయితలు పది వేలకో ఇరవై వేలకో తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేయకూడదని ఈ మాట చెబుతున్నాం.

ఇంకా ముఖ్యమైనది సెక్షన్ 57. హక్కులు అమ్మేసిన తర్వాత కూడా, తన పరువుకి భంగం కలిగేట్టు రచనని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రచయితకి మిగిలే వుంటుంది. హిందీ రచయిత్రి మన్నూ భండారీ గారు తన నవల 'ఆప్ కా బంటీ'ని సినిమాగా పాడుచేశారని ఢిల్లీ హైకోర్టుకి వెళ్లారు. సినిమా కోసం కొన్ని మార్పులు తప్పవు గానీ, రచనని వికృతం చేసే అధికారం కొన్నవాడికి లేదని 1986లో కోర్టు చెప్పింది. ఆడమనిషి ఒంటరిగా వెళ్లి ఈ దేశంలో రచయితలందరికీ సాధించిపెట్టిన మాట అది.

మరో సంగతి. రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకే కాపీరైట్. ఉన్నవ వారు 1958లో పోయారు. 2018తో 'మాలపల్లి' మీద ఆ హక్కు తీరిపోయింది. ఇవాళ ఎవరైనా, ఎవర్నీ అడగకుండా, 'మాలపల్లి' సినిమా తీసుకోవచ్చు. రామదాసు తత్వం తీసేసి వెంకటదాసు దోపిడీలు మాత్రం పెట్టి గుర్రాల మీద తిప్పినా అడగటానికి కాగితం లేదు. అప్పుడు కాపలా కాయాల్సింది చట్టం కాదు, చదివిన జనం. చదివిన జనం లేకపోతే కాపలా లేనట్టే.

మనం ఏం అడగాలి?

మా మటుకు మేం నాలుగు అడుగుతాం. ఒకటి, కులం పేరు పలకాలి. మనదీ, కొట్టినవాడిదీ కూడా. రెండు, రూతు కథ చెప్పాలి. ఆమె చెబుతుంటే మనం వినాలి, ఆమెని గోడకి తగిలించిన పటం చెయ్యకూడదు. మూడు, పాట ఎక్కణ్ణించి తీసుకుంటే అక్కడి పేరు తెర మీద వెయ్యాలి. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు "సాహిత్యం: జానపదం" అని వేస్తుంటారు. జానపదం అంటే ఎవరు? జానపదం అనే ఆయన ఏ వూళ్లో వుంటాడు? కట్టినవాడికి పేరు లేదనటం, వాడికి కూలి ఎగ్గొట్టటం ఒక్కటే. నాలుగు, రాసే గదిలో, కెమెరా వెనక, డబ్బు లెక్కల దగ్గర మన పిల్లలు వుండాలి. డప్పు కొట్టే గుంపులో నిలబెట్టటానికి మాత్రం మన పిల్లలు కావాలా?

ఇవి ఒప్పుకుంటే తియ్యనివ్వండి. మన డప్పుతోనే వూరేగిద్దాం. ఒప్పుకోకపోతే వద్దని చెప్పే ధైర్యం మనకి వుండాలి. సినిమా రాకపోతే ఆ నవల చచ్చిపోదు. పాతికేళ్లుగా చేతులు మారుతూ, అట్టలు చిరిగిపోతూ బతికే వుంది.

సినిమావాళ్లని అడిగే ముందు మనం చెయ్యాల్సిన పని ఒకటి వుంది. ఈ ఏడాది ఆదివారాలు మన వాడల కమ్యూనిటీ హాళ్లలో ఆ నవల పైకి చదువుదాం. చదువు రాని పెద్దవాళ్లని ముందు వరసలో కూర్చోబెడదాం. మధ్యలో ఎవరన్నా "ఆగు, మా తాత గూడా..." అన్నారంటే పుస్తకం పక్కన పెట్టి నోటుబుక్కు తీయండి. ఆ తాత పేరు రాయండి. కట్టిన పాట పేరు, కట్టిన వేషం పేరు, ఆడిన వూళ్ల పేర్లు రాయండి. మీ చేతుల్లో ఫోన్లున్నాయి, గొంతు పట్టి వుంచండి. ఆ ముసలాళ్లు రాలిపోతున్నారు. వాళ్లు పోతే ఏ నిర్మాతా ఏ కోర్టూ తెచ్చి ఇవ్వలేదు.

రేపు ఎవరైనా పెద్ద కారులో వచ్చి "మీ కథ తీస్తాం, మీ కష్టాలు చెప్పండి" అంటారు. కష్టాలు చెప్పండి, దాచొద్దు. ఆ తర్వాత నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టండి. "కష్టాలు విన్నారు కదా. ఇదిగో, పాటలు కట్టినవాళ్ల పేర్లు. ముందు ఇవి చదవండి" అని చెప్పండి.

జై భీమ్.